సౌండు బాక్సు మీద స్టీలు గ్లాసు

మా అక్కావాళ్ళు కుప్పంలో ఇల్లు కట్టుకున్నారు. కింద అంగడి గది, పైన ఇల్లు, దాని పైన మిద్దె. గృహప్రవేశం రోజు ఆవును మెట్లెక్కించడానికి మా వంశంలోని మగవాళ్ళందరూ చేతనైనంత సలహా ఇచ్చారు. ఆవు మాత్రం నాలుగో మెట్టు దగ్గర ఆగి, ఇక నాకీ ఇంటితో సంబంధం లేదన్నట్టు చూసింది. చివరికి అయ్యవారే, ముందరి కాళ్ళు పెట్టింది కదా, శాస్త్రానికి అది చాలు అని తీర్మానించాడు.

అది ఫంక్షన్. పది దినాలకు మా అక్క ఫోన్ చేసి, వచ్చే శనివారం 'హౌస్ పార్టీ' అనింది. బెంగళూరులో మా బావతో పనిచేసేవాళ్ళు వస్తారట. మా బావ రోజూ కుప్పం నుంచి రైలెక్కి బెంగళూరు పోయి, ఆడ కంప్యూటర్ ముందర కూర్చొని, మళ్ళీ రైలెక్కి వస్తాడు. ఈ పద్ధతికి ఉద్యోగం అని పేరు. నేను మదనపల్లెలో ఇంట్లోనే కూర్చొని అదే కంప్యూటర్ పని చేస్తాను. మా వీధి లెక్కలో నేను నిరుద్యోగిని.

"ఫంక్షన్‌కూ పార్టీకీ తేడా ఏందిరా?" అని మా అమ్మ అడిగింది.

"ఫంక్షన్లో తిని పోతారమ్మా. పార్టీలో తిని పోరు."

అక్క నాకు అప్పగించిన పని ఒక్కటే, స్పీకర్. "మంచిది సూసి తీసుకురా. పాటలు బాగా వినపడల్ల, కానీ పక్కింటోళ్ళకు వినపడకూడదు. ఇంకోటి, మామకు మాత్రం సెప్పొద్దు."

ఆ ఆఖరి మాట అర్థం కావాలంటే మా మామ గురించి చెప్పాలి. మా అమ్మకు తమ్ముడు. పుంగనూరులో మైకు సెట్టు పెట్టుకొని నేను పుట్టకముందు నుంచి ఉన్నాడు. మా బంధువుల్లో ఎవరింట్లో శుభకార్యమైనా మొదటి పత్రిక దేవుడికి, రెండోది మా మామ ఆంప్లిఫయర్‌కు. నిజంగానే. పత్రికకు పసుపు పూసి, ఆ ఇనుప పెట్టె మీద అతికించి పోవాలి. పెళ్ళి, చెవులు కుట్టడం, ఆఖరికి ఎవరైనా పోయినా సరే, మా మామ సెట్టు మోగితేనే అది జరిగినట్టు లెక్క. తర్వాత డీజేలు వచ్చారు, పొగ వచ్చింది, తిరిగే లైట్లు వచ్చాయి. బయటి ఊళ్ళవాళ్ళు పిలవడం మానేశారు. మామకు మిగిలింది మేమే, అంటే బంధువులం.

ఇక మా అక్క పెళ్ళి. తాళి కట్టే సమయానికి మా మామ గట్టిమేళం క్యాసెట్ వేశాడు. ఎంత గట్టిగా అంటే, మండపంలో ట్యూబ్‌లైటు ఒకటి ఊడి రసం గుండిగలో పడింది. మా అక్క అత్తగారు రెండు చెవులూ పట్టుకొని కింద కూర్చుండిపోయింది. పెళ్ళి వీడియోలో తాళి కట్టేది కనపడదు, ఆమె కూర్చునేది కనపడుతుంది. శాంతిపురం మనిషి, మాట మెత్తన, జ్ఞాపకశక్తి గట్టిది. అప్పట్నుంచి ఎప్పుడు వెళ్ళినా మంచినీళ్ళు ఇస్తూ, "ఆ పొద్దు నుంచి నాకు ఎడం చెవిలో తుమ్మెద ఉండాది సామీ" అంటుంది. నాలుగేండ్లుగా అదే తుమ్మెద. గృహప్రవేశానికి సెట్టు తెస్తానని మామ అంటే, ముహూర్తం తెల్లవారుజామున, పక్కింటోళ్ళు లేస్తారని చెప్పి అక్క ఎట్లో తప్పించుకుంది.

మామకు చెప్పొద్దని అక్క అన్న అరగంటకు మా అమ్మ మామకు చెప్పేసింది. మా ఇంట్లో రహస్యం ఆయుష్షు అంతే.

"సొంత తమ్ముడు ఉండంగా బయటోడి సెట్టా? వాడు గుండె పగిలి సస్తాడు," అని అమ్మ.

"ఈడ మా అత్త చెవి పగిలి సస్తాది," అని అక్క.

ఫోన్‌లో గంటసేపు పంచాయతీ జరిగింది. నేను మధ్యలో టీ తాగాను. చివరికి అక్క తీర్పు చెప్పింది. "సరే, రానీ. కానీ ఇదే ఆఖరు. ఈసారి గానీ మా అత్త చెవులు మూసుకుందా, ఇంక మా ఇంట్లో ఏ కార్యానికీ ఆ సెట్టు గడప తొక్కదు. పెద్దమ్మోళ్ళకూ చిన్నమ్మోళ్ళకూ గూడా అదే సెప్తా. వాళ్ళూ నా మాటకోసమే సూస్తాండారు."

అంటే ఏమిటి? మామకు మిగిలింది బంధువులు, బంధువులు చూస్తున్నది అక్కను, అక్క చూస్తున్నది అత్తను, అత్త చూస్తున్నది తన చెవిని. ముప్పై ఏండ్ల వ్యాపారం ఒక తుమ్మెద మీద నిలబడింది. మా అమ్మ ఆ తీర్పును ఒక్క అక్షరం తగ్గకుండా మామకు మోసుకుపోయింది. అక్క నాతో విడిగా, "ఎందుకైనా మంచిది, చిన్న స్పీకర్ ఒకటి నువ్వు తీసుకురా," అనింది.

మదనపల్లె బస్టాండు వెనక సందులో ఒక భాయ్ అంగడి ఉంది. రేడియో రోజుల నుంచి ఉన్న అంగడి, మా ఇంట్లోవాళ్ళందరూ భాయ్‌కు తెలుసు. ఇప్పుడు పార్టీ స్పీకర్లు అమ్ముతాడు, బాడుగకూ ఇస్తాడు. లోపలికి పోగానే అవి వరుసగా నిలబడి నన్ను చూసి కన్ను కొట్టాయి. ప్రతిదానికీ రంగు దీపాలు, లాక్కుపోవడానికి చక్రాలు, పట్టుకోవడానికి హ్యాండిల్, ఫోన్ ఛార్జింగ్‌కు రంధ్రం, పాడేవాళ్ళకు మైకు. పాట వినిపించడం దాని సైడు బిజినెస్ అనుకుంటా.

"ఏంది భాయ్ తేడా? దీనికీ దానికీ?" అన్నాను.

"దీనికి నాలుగు రంగులు. దానికి ఏడు."

"సౌండు?"

"అరె, సౌండు అన్నిట్లో వస్తాది. అది నక్కో చూడకు." భాయ్ కాసేపు నన్ను పరీక్షగా చూశాడు. "ఎంత మంది వస్తారు? యాడ పెడతావు?"

"కుప్పంలో మిద్దె మీద. ఒక ముప్పై మంది."

"మిద్దె మీద గోడలు ఉండవు. సౌండు నిలబడదు, పారిపోతాది. నీకు ఈ నడిపిది సాలు." అని మధ్యరకం పెట్టెను ముందుకు లాగాడు. తర్వాత అరలోంచి ఒక స్టీలు గ్లాసు తీసి, కుండలోని నీళ్ళు పోసి, ఆ పెట్టె నెత్తిన పెట్టాడు. నాకేమో అనుకొని చేయి చాచాను.

"తాగేదానికి కాదు భాయ్! టెస్టు." పాట పెట్టి మెల్లగా పెంచాడు. గ్లాసులో నీళ్ళు మొదట వణికాయి, తర్వాత చిన్న చిన్న చుక్కలుగా ఎగిరాయి. "సూసినావా? రెండు వేళ్ళు తక్కువ పోయల్ల. నీళ్ళు ఎగరల్ల, అంచు దాటి పడకూడదు. అదీ కరెక్టు సౌండు. తగ్గితే జనానికి ఆనదు, పెరిగితే పెట్టె పగుల్తాది."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరేంది, మీ మామూనే! నేను ఆయన కాడ మూడేండ్లు వైర్లు సుట్టినా. పుంగనూరు సెట్టోళ్ళంతా ఇట్లనే పెడతారు. గ్లాసు పెట్టకపోతే పార్టీవాళ్ళు ఒప్పుకోరు, ఏమప్పా గ్లాసు మర్సిపోయినావా అంటారు."

నేను ఇంజినీరింగ్ నాలుగేళ్ళు చదివాను. అందులో ధ్వని మీద ఒక పేపరు కూడా ఉంది. ఆ పేపర్లో గ్లాసు లేదు. బహుశా అందుకే రెండుసార్లు రాయాల్సి వచ్చిందేమో. నడిపి పెట్టెను బాడుగకు తీసుకున్నాను.

శనివారం పొద్దున చిన్న గూడ్సు బండి మాట్లాడుకొని పుంగనూరు చేరాను. మామ సెట్టును కూడా అందులోనే ఎక్కించుకుపోవాలని ఏర్పాటు. బండి వీధిలో ఆపి లోపలికి పోయాను. మామ వాకిలికి వీపు పెట్టి, ఆంప్లిఫయర్‌ను గుడ్డతో తుడుస్తున్నాడు. పెళ్ళికూతురికి నలుగు పెట్టేవాళ్ళు కూడా అంత శ్రద్ధ చూపించరు.

"మామా," అన్నాను. పలకలేదు.

"మామా, వచ్చినా." తుడుస్తూనే ఉన్నాడు.

పనిలో ఉన్న మనిషిని ఆటపట్టించాలని నాకు బుద్ధి పుట్టింది. వెనకనే నిలబడి, "నీ సెట్టు తుప్పు పట్టింది మామా," అన్నాను. ఏమీ లేదు. "కోళ్ళగూడుకు పనికొస్తాది." ఏమీ లేదు. "నీ మీసం గూడా బాగలేదు. ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి." మీసం మీద మాట పడితే మా మామ దేవుడినైనా వదలడు. అయినా ఏమీ లేదు.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది. బల్లమీద, ఆయన మోచేతికి జానెడు దూరంలో. మా మామ రింగ్‌టోన్ గురించి మీకు తెలియదు, అది మోగితే బస్టాండులో బస్సు ఎక్కబోయేవాళ్ళు ఆగి జేబులు తడుముకుంటారు. మామ తుడుస్తూనే ఉన్నాడు. మూడుసార్లు, నాలుగుసార్లు మోగింది. గుడ్డ మార్చుకోవడానికి అరచేయి బల్లమీద పెట్టాడు. పెట్టగానే తిరిగి ఫోన్ వైపు చూశాడు.

చెవితో కాదు. అరచేత్తో.

నా నోరు మూతపడింది. అది అరుదైన సంఘటన, మా అమ్మ ఉంటే దిష్టి తీసేది. ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. రెండు మూడేండ్లుగా మామ మామూలు ఫోన్ మాట్లాడడు, "మొగం కనపడల్లప్పా, వీడియో పెట్టు," అంటాడు. ప్రేమ అనుకున్నాం. పక్కన నడుస్తూ ఏమన్నా చెప్తే ఆగి, మన ముందరికొచ్చి నిలబడతాడు. మర్యాద అనుకున్నాం. ఫంక్షన్లో సౌండు డబ్బా మీద చేయి వేసి కళ్ళు మూసుకొని నిలబడతాడు. కళ అనుకున్నాం. ఇక గ్లాసు. ఆ గ్లాసును చూసి ఊరు ఊరంతా నేర్చుకుంది. ముప్పై ఏండ్లు పెద్ద పెద్ద డబ్బాల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషి, ఎవరికీ చెప్పలేక, నీళ్ళలో చూసి సౌండు పెట్టుకుంటున్నాడు. పుంగనూరు దాన్ని టెక్నాలజీ అనుకుంది. మదనపల్లె దాన్ని దిగుమతి చేసుకుంది.

మామ అప్పుడు తిరిగి నన్ను చూశాడు. ఒక్క క్షణం ముఖంలో ఏదో మారింది. "ఎంత సేపైందప్పా వచ్చి?"

"ఇప్పుడే మామా," అన్నాను. మొదటిసారి ఆయన కళ్ళు నా కళ్ళవైపు కాదు, పెదాల వైపు ఉన్నాయని గమనించాను. ఎప్పుడూ అక్కడే ఉండేవేమో.

డబ్బాలు ఎక్కించేటప్పుడు ఆయనే మాట ఎత్తాడు. "మీ అక్క ఏమనిందో మీయమ్మ సెప్పింది. తప్పు లేదులే. పెండ్లిలో ఎక్కువైనట్టుండాది." అన్నాడు గానీ, 'ఎక్కువైనట్టుండాది' అన్నప్పుడు ఆయన ముఖం ఎవరో చెబితే నమ్మిన మనిషి ముఖంలాగా ఉంది. "ఈ తూరి సరిగ్గా పెడతా. పెట్టకపోతే ఇంక ఈ రూము తాళం ఏసేస్తా. నాకు మాత్రం ఇంక ఎవురుండారప్పా పిలిసేవాళ్ళు, మీరు గాక?"

మామూలుగా అయితే దీనికి నా దగ్గర మూడు జోకులు సిద్ధంగా ఉండేవి. డబ్బాకు తాడు కట్టాను.

దారిలో డ్రైవరన్న పలమనేరు దాకా తన బావమరిది చేసిన మోసం గురించి, వి.కోట దాకా ఆ బావమరిది పెండ్లాం గురించి, కుప్పం దాకా వాళ్ళ నీళ్ళ బోరు గురించి చెప్పాడు. మామ మధ్యలో కూర్చొని, రోడ్డు వైపు చూస్తూ, గుంత వచ్చినప్పుడల్లా తల ఊపాడు. దిగేటప్పుడు డ్రైవరన్న నా చెవిలో, "మీ మామంత మంచి మనిషిని నేను సూడలేదప్పా. ఎంత ఓపిగ్గా విన్నాడు!" అన్నాడు.

కుప్పంలో మిద్దె మీద తివాచీలు, దీపాల దండలు, కుర్చీలు. ఒక మూల మా అక్క అత్తగారు అప్పటికే ఆసనం వేసుకొని ఉంది. రెండు చెవుల్లోనూ దూది. పాట ఇంకా మొదలు కాలేదు, దూది మాత్రం మొదలైంది.

"బాగుండావా కణ్ణా?" అని నన్ను పలకరించి, మామ మోసుకొస్తున్న డబ్బాను చూసి దూదిని ఇంకొంచెం లోపలికి నెట్టింది.

సాయంత్రం ఆరున్నరకు బెంగళూరు జనం దిగారు. వాళ్ళలో ఒక గడ్డం అన్న ఉన్నాడు, మా బావ పక్క సీటు. వచ్చీరాగానే నా చక్రాల స్పీకర్‌ను చూసి, తన ఫోన్‌ను దానికి కలిపాడు. స్పీకర్‌లోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో, కలిశాం అని ప్రకటించింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెళ్ళిళ్ళలో తాళి కట్టినప్పుడు కూడా ఇప్పుడు అంత చప్పట్లు పడవు.

రెండు పాటలు బాగానే నడిచాయి. మూడో పాట మధ్యలో పాట ఆగి, గడ్డం అన్నకు వచ్చిన ఫోన్ స్పీకర్‌లో ఎత్తుకుంది. ఎట్ల ఎత్తుకుందో దానికే తెలియాలి. ముప్పై మంది నిశ్శబ్దంగా ఉన్న మిద్దె మీద, ఏడు రంగుల్లో మెరుస్తూ, ఒక తల్లి గొంతు వచ్చింది. "ఏం నాయనా, చేరినావా? లోపల బనియన్ ఏసుకున్నావా? నిన్న మోషన్ సరిగ్గా కాలేదంటివి కదా, ఆ నూనె పదార్థాలు తినొద్దు."

గడ్డం అన్న మిద్దె అంచుకు పరిగెత్తాడు. ఫోన్ దూరమైతే స్పీకర్ వదులుతుందని ఆయన ఆశ. వదిలింది. వదిలి, వెంటనే ఆడగొంతు మళ్ళీ కలిశాం అనింది. ఈసారి అక్క అత్తగారి ఫోన్. అంతకు ముందు వారం మా బావ ఆమెకు ఇంట్లో ఏదో స్పీకర్‌కు కలపడం నేర్పించి ఉన్నాడట. అందులోంచి మోకాళ్ళ నొప్పులకు వావిలాకు కట్టే విధానం మొదలైంది. రెండు చెవుల్లో దూది పెట్టుకున్న ఆమెకు అది తన ఫోనేనని చెప్పడానికి మాకు రెండు నిమిషాలు పట్టింది.

"దాన్ని పక్కన పెట్టండప్పా," అన్నాడు మా బావ. "మామా, మీ సెట్టు పెట్టండి."

మామ దీనికోసమే కాచుకున్నట్టు లేచాడు. గడ్డం అన్న ఫోన్‌ను వైరుతో ఆంప్లిఫయర్‌కు తగిలించాడు. సంచిలోంచి గ్లాసు తీశాడు. చెంబులోంచి రెండు వేళ్ళు తక్కువగా నీళ్ళు పోసి, వేళ్ళు ముంచి కొలిచి, పెద్ద డబ్బా నెత్తిన పెట్టాడు.

పరువు పోగొట్టుకున్న గడ్డం అన్నకు దాన్ని వెతుక్కోవడానికి అవకాశం దొరికింది. "అంకుల్, ఏంటిది, కెమిస్ట్రీ ల్యాబా?" అని తన ఇంకో ఫోన్ తీశాడు. "ఇదిగో యాప్. సౌండు ఎంతుందో ఇది చూపిస్తుంది. పచ్చ వస్తే ఓకే, ఎరుపు వస్తే ఎక్కువ. ఇది సైన్స్."

మామ అతని పెదాల వైపు చూసి నవ్వి, బటన్ తిప్పాడు.

నీళ్ళు వణకలేదు. ఇంకా తిప్పాడు. మిద్దె అదిరి నాకు అరికాళ్ళు జిల్లుమన్నాయి. నీళ్ళు కొంచెం కదిలాయి. ఇంకా తిప్పాడు. వీధిలో కుక్కలు లేచాయి, ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి, గడ్డం అన్న యాప్ ఎర్రగా మారి, తర్వాత ఆగిపోయింది. గ్లాసులో చుక్కలు ముత్యాల్లాగా ఎగిరాయి. మామ ముఖంలో తృప్తి. మూలలో అక్క అత్తగారు దూది మీద చేతులు పెట్టుకుంది.

అక్క బజ్జీల గరిటె చేతిలో పట్టుకొని పైకి వచ్చింది. "రేయ్," అని నా చెవిలో అరిచింది, ఆ సౌండులో అది గుసగుస. "సూసినావా? సూసినావా? నేను ఇప్పుడే పోయి సెప్తా. అందరి ముందరా సెప్తా. సాలు ఈ సెట్టుతో."

"ఒక్క నిమిషం ఆగక్కా."

"నాలుగేండ్లు ఆగినా!"

"ఒక్క నిమిషం. బజ్జీలు మాడిపోతాయి పో."

మాడతాయన్న మాట పనిచేసింది, కిందికి పోయింది. నాకు దొరికింది ఒక్క బజ్జీ వాయంత సమయం. అక్కకు నిజం చెప్పేయొచ్చు. మామకు వినపడదక్కా అంటే, అక్క వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, మామను క్షమిస్తుంది, అమ్మకు ఫోన్ చేస్తుంది, అమ్మ ఏడుస్తుంది, తెల్లారేసరికి పుంగనూరంతా మామ ముఖం మీదికి వచ్చి గట్టిగా అరుస్తూ కుశలం అడుగుతుంది. అందరూ చాలా ప్రేమగా ఉంటారు. సెట్టుకు మాత్రం ఎవరూ పిలవరు.

అంతలో ఒక దీపాల దండ ఆరిపోతే మామ పాట ఆపి, వైరు చూడ్డానికి మిద్దె అవతలి కొసకు పోయాడు. చెంబు అక్కడే ఉంది. గ్లాసు అక్కడే ఉంది. నేను పోయి గ్లాసును అంచుదాకా నింపాను. ఇంకో చుక్క వేస్తే పొర్లేటంత నిండుగా.

మామ వచ్చి బటన్ తిప్పాడు. పాట మెల్లగా, మనుషులు మాట్లాడుకునే ఎత్తులో వచ్చింది. అప్పుడే గ్లాసు అంచునుంచి ఒక ధార డబ్బా మీదికి జారింది. మామ గబుక్కున చేయి వెనక్కి తీశాడు. భుజం మీది తుండుతో తుడిచి, బటన్ అక్కడే వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

వీధిలో కుక్కలు పడుకున్నాయి. గడ్డం అన్న యాప్ తెరిచి, దాన్ని డబ్బా చుట్టూ తిప్పి, "పచ్చ!" అని అరిచాడు. "అంకుల్, కరెక్టుగా పచ్చ! ఎట్లా చేశారు?" అని పొర్లుతున్న గ్లాసును ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టుకున్నాడు. సైన్స్ అంత త్వరగా పార్టీ మారడం నేను చూడలేదు.

అక్క పైకి వచ్చింది, గరిటె సిద్ధంగా. మెట్టు మీద ఆగింది. మూలలో వాళ్ళత్త ఒక చెవిలో దూది తీసి చేతిలో పట్టుకొని, పాటకు తల ఊపుతోంది. ఎడమ చెవే. తుమ్మెద ఎక్కడికి పోయిందో నేను అడగలేదు.

"ఏమ్మా," అనిందామె అక్కతో, "మీ మామకు ఇప్పటికి సెయ్యి తిరిగినట్టుండాదే."

అక్క నా వైపు చూసింది. నేను బజ్జీ తింటున్నాను. కాసేపటికి ఆమె ఫోన్‌లో, "లేదు పెద్దమ్మా, ఈ తూరి బానే పెట్టినాడు. ఆఁ, పిలుసుకో, పిలుసుకో," అనడం విన్నాను.

కథ అక్కడితో అయిపోయి ఉంటే నేను చాలా తెలివైనవాడినని ఈపాటికి నమ్మేసి ఉండేవాడిని. జనం తింటూ ఉండగా మామ డబ్బా దగ్గరికి వచ్చాడు. అలవాటుగా రెండు వేళ్ళు గ్లాసులో పెట్టాడు. వేళ్ళు పెట్టగానే నీళ్ళు పొర్లాయి. వేళ్ళను చూసుకున్నాడు. తర్వాత తల ఎత్తి మిద్దె మొత్తం వెతికి, నా దగ్గర ఆగాడు. నేను ఆకాశంలో చుక్కలు చూడసాగాను.

మామ గ్లాసు ఎత్తి రెండు గుక్కలు తాగాడు. మళ్ళీ డబ్బా మీద పెట్టాడు. ఇప్పుడు సరిగ్గా రెండు వేళ్ళు తక్కువ. నీళ్ళు ఎగరడం లేదు, ఊరికే సన్నగా వణుకుతున్నాయి. ఆయన లెక్క ప్రకారం సౌండు సగం కూడా లేదు. చేయి బటన్ మీదికి పోయింది. నేను చేతిలోని బజ్జీ పక్కన పెట్టాను.

చేయి అక్కడే కాసేపు ఉండి, వెనక్కి వచ్చింది.

"రేయ్ అల్లుడా, ఇట్రా."

పోయాను. నా ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంత సాలునా?"

మా మామ సౌండు గురించి ఒక మనిషిని అడగడం నేను వినడం అదే మొదలు. నేను పెదాలు బాగా కదిలిస్తూ, "సాలు మామా," అన్నాను.

"ఈడ నిలబడి సెప్తే యాడ తెలుస్తాది? ఆ మూలకు పోయి విని రా."

పోయి విని వచ్చాను. "ఆడ గూడా సాలు."

"మెట్ల కాడ?"

మెట్ల దగ్గరికి పోయాను, వచ్చాను. "కొంచెం గొంతు తక్కువగా ఉండాది, తబలా ఎక్కువగా ఉండాది."

మామ ఏదో చిన్న బటన్ ఆవగింజంత తిప్పాడు. "ఇప్పుడు?"

అట్లా ఆ సాయంత్రం నన్ను తొమ్మిదిసార్లు తిప్పాడు. బెంగళూరు వాళ్ళు ఆడుతుంటే నేను మిద్దె మీద నడకపోటీ చేశాను. పదోసారి పంపకుండా, గ్లాసును తుడిచి సంచిలో పెట్టుకుంటూ అన్నాడు, "పొద్దున పుంగనూర్లో నా ఎనకాల నిలబడి ఏమో అంటివే, ఏమంటివి?"

"నీకెట్ల తెలుసు మామా?"

"ఆంప్లిఫయర్ మూత తుడిస్తే అద్దం మాదిరి ఉంటాదప్పా. నీ నోరు ఆడతాండాది కనపడె."

"మీసం గురించి."

"ఏమని?"

"బాగుండాదని."

మామ నా పెదాలను చూశాడు, తర్వాత కళ్ళను చూశాడు. "దొంగనా కొడకా," అన్నాడు, మీసం తడుముకుంటూ. ఎడమ పక్క పైకి, కుడి పక్క కిందికి.

అప్పట్నుంచి మా బంధువుల ఫంక్షన్లన్నిటికీ నేను మామ వెంబడి పోవాల్సి వస్తోంది. గ్లాసు యథాప్రకారం డబ్బా మీద ఉంటుంది, జనం కోసం. నేను మూలల్లో తిరుగుతూ ఉంటాను. అడిగినవాళ్ళకు జీర్ణశక్తి కోసం నడుస్తున్నానని చెప్తాను. చెవుల డాక్టర్ దగ్గరికి పోదామంటే మామ ఇంకా ఒప్పుకోలేదు, ఈ పండగ పోనీ అంటాడు. ఇదంతా రాసుకుంటానంటే మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. "పేర్లు పెట్టొద్దు. అయినా మనోళ్ళల్లో సదివేవాళ్ళు ఎవురుండారులే."

బాడుగ స్పీకర్ తిరిగి ఇవ్వడానికి భాయ్ అంగడికి వారం ఆలస్యంగా పోయాను. ఎవరికో పెద్ద పెట్టె చూపిస్తున్నాడు. దాని నెత్తిన గ్లాసు, గ్లాసులో నీళ్ళు అంచుదాకా, పొర్లుతూ. పాట ఎంత హాయిగా ఉందంటే, ఆ అంగడిలో మొదటిసారి భాయ్ మాటలు నాకు స్పష్టంగా వినిపించాయి.

"ఏంది భాయ్, రెండు వేళ్ళు తక్కువ కదా?"

భాయ్ నన్ను జాలిగా చూశాడు. "అది పాతది. ఎవరో స్టేటస్‌లో ఫోటో పెట్టినారు, అందరికీ వచ్చింది. పుంగనూర్లో ఇప్పుడు అందరూ నిండా పోస్తాండారు. మీ మామూ కొత్తగా కనిపెట్టినాడంట కదా?"

"అవును భాయ్," అన్నాను. "చాలా ఆలోచించి కనిపెట్టినాడు."